పిల్లల నవ్వు – పెద్దల కోపం

(దేవస్థానం కల్యాణమండపంలో జరిగిన నెలవారీ సత్సంగ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నెల సత్సంగానికి నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం "చలనచిత్రాలు, ఎదిగే పిల్లలు, సంస్కారం". అంశాన్ని ప్రకటించగానే సభలో కొందరు పెద్దలు కుర్చీలలో సర్దుకొని కూర్చోవడం గమనించాను. నేటి హాస్యచిత్రాలలోని బూతులను, రక్తపాతాన్ని నేను దుయ్యబడతాను, తమరు తలలూపుతారు, ఆపైన అందరం తీర్థప్రసాదాలకు లేస్తాము. ఇది మనకు అలవాటైన క్రమమే. ముప్పై ఏళ్లకు పైగా సంస్కృతం బోధిస్తూ పిల్లల మధ్య గడిపినవాడిని కనుక, ఈ ఒక్క పూటకు ఆ క్రమాన్ని కొంచెం మార్చనివ్వమని ప్రార్థిస్తున్నాను. సినిమాను గురించి కంటే, సినిమా మీద మనకు వచ్చే కోపాన్ని గురించి ఎక్కువగా మాట్లాడదలచాను. ఆ కోపం న్యాయమైనదే. అయితే అది పడవలసిన చోట పడుతున్నదా అన్నదే నా సందేహం.

ముందుగా మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి. 2003లో శంకర్ దర్శకత్వంలో 'బాయ్స్' అనే చిత్రం వచ్చింది. ఐదుగురు కుర్రవాళ్ల అల్లరి కథ అది. తమిళంలో తీశారు, తెలుగులోనూ అదే పేరుతో విడుదల చేశారు. అందులోని ద్వంద్వార్థపు మాటలను, వెకిలి సన్నివేశాలను చూసి తమిళనాట పత్రికలు మండిపడ్డాయి. 'ఆనంద వికటన్' అనే ప్రసిద్ధ వారపత్రిక ఆ చిత్రంపై తన సమీక్షను "ఛీ" అనే ఒకే ఒక్క మాటతో సరిపెట్టిందని ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ పత్రిక కోపాన్ని నేను తప్పుపట్టను. కాని ఆ ఒక్క మాటలో అసహ్యం ఉన్నదే గాని, బోధ ఏదీ? ఏది తప్పో, ఎందుకు తప్పో అది ఏ కుర్రవాడికీ చెప్పలేదు. పెద్దలు ఛీ కొట్టినదేమిటో ఒకసారి చూసి వద్దామని పధ్నాలుగేళ్ల పిల్లవాడికి అనిపించడం సహజం. ఆ ఐదుగురు కుర్రవాళ్లలో ఒకరు రెండేళ్లకే తెలుగు ఇళ్లలో అభిమాన కథానాయకుడయ్యారు. మరొకరు నేడు తెలుగు చిత్రసీమలో పేరుమోసిన సంగీత దర్శకులు. ఛీ అన్న లోకమే చప్పట్లు కూడా కొట్టింది. కోపం ఎంత త్వరగా చల్లారుతుందో చెప్పడానికే ఈ మాట అంటున్నాను.

ఇక రెండవ ఉదాహరణ మన దేశానిది కాదు. దాని పేరు సభామర్యాదకు అంతగా తగినది కూడా కాదు. విషయం కోసం చెప్పక తప్పదు: 'కిక్-యాస్'. 2010లో మాథ్యూ వాన్ అనే బ్రిటిష్ దర్శకుడు బొమ్మల కథల పుస్తకం ఒకదాని ఆధారంగా తీసిన హాస్యచిత్రం. అందులో పదకొండేళ్ల బాలిక ఒకతె ఉంటుంది. తండ్రి ఆ పిల్లకు కత్తులు, తుపాకులు వాడడం నేర్పుతాడు. ఆ పసిది ముసుగు వేసుకొని, చమత్కారాలు విసురుతూ, గూండాలను వరుసగా నరికి పోగులు పెడుతుంది. ప్రేక్షకులు నవ్వాలి. నవ్వారు కూడా. బ్రిటన్‌లో ఆ చిత్రానికి పదిహేనేళ్లు నిండినవారు చూడవచ్చునని ధ్రువపత్రం ఇచ్చారు. అమెరికాలో పదిహేడేళ్ల లోపువారు పెద్దల తోడు ఉంటేనే చూడాలన్నారు. అంటే ఆ నవ్వు ఎవరి కోసం వండి వార్చినదో తెలుస్తూనే ఉన్నది.

ఆ దేశాల పత్రికలలో పెద్ద దుమారం రేగింది. ఆ దుమారంలో సింహభాగం దేని చుట్టూ తిరిగిందో ఊహించగలరా? ఆ బాలిక నోట పలికించిన ఒక బూతుమాట చుట్టూ! పసినోట అంత మాటా అన్నారు. అనవలసిందే. కాని ఆ బాలిక చేతిలో చచ్చిపడిన మనుషుల సంగతి ఆ బూతుమాట వెనుక మరుగున పడిపోయింది. దీనిని గుర్తించినవారు లేకపోలేదు. రోజర్ ఈబర్ట్ అనే పేరుపొందిన అమెరికన్ విమర్శకుడు ఆ చిత్రానికి నాలుగింట ఒక్క నక్షత్రం ఇచ్చాడు. ఆయనను బాధించినది పసిపిల్ల చేత చేయించిన ఊచకోత, ఆపైన ఒక పెద్దమనిషి ఆ పిల్లను చావబాదడం, దానినంతటినీ వినోదమని వడ్డించడం.

తరువాత దానికి రెండవ భాగం తీశారు. జిమ్ క్యారీ అనే గొప్ప హాస్యనటుడు అందులో నటించాడు. ఆయన పని ముగిసిన కొద్దికాలానికే, 2012 డిసెంబరులో, అమెరికాలోని న్యూటౌన్ అనే ఊరిలో శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఒక యువకుడు తుపాకితో 20 మంది పసిపిల్లలను, ఆరుగురు పెద్దలను పొట్టన పెట్టుకున్నాడు. 2013లో చిత్రం విడుదల కాబోయే ముందు ఆ నటుడు తన మనస్సాక్షి ఆ చిత్రంలోని హింసను సమర్థించడం లేదని బహిరంగంగా చెప్పాడు. ఆ బొమ్మల కథను రాసిన రచయిత దానికి బదులిస్తూ, తమ కథ హింసను కాక హింస పర్యవసానాలను చూపుతుందని వాదించాడు. ఆ ఘాతుకానికీ ఆ సినిమాకూ సంబంధం ఉన్నదని నేను అనడం లేదు. అలా ముడిపెట్టడం అన్యాయం. జీవితమంతా లోకాన్ని నవ్వించిన మనిషికి ఒకనాడు తాను పంచుతున్న నవ్వు గొంతుకు అడ్డం పడింది. నేను చెప్పదలచినది అంతే.

ఎందుకు అడ్డం పడిందో మన భరతముని ఏనాడో చెప్పి ఉన్నాడు. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసాలకు జన్యజనక సంబంధం చెబుతాడు. శృంగారం నుండి హాస్యం పుడుతుంది. వీరం నుండి అద్భుతం, బీభత్సం నుండి భయానకం. మరి రౌద్రం నుండి? కరుణ పుడుతుందన్నాడు. ఎంత లోతైన మాట! ఒకడు కత్తి ఎత్తి మరొకడిని నరికితే, చూసేవాడి గుండెలో ఆ వేటుకు ఫలంగా పుట్టవలసినది జాలి. పడిపోయినవాడు దుర్మార్గుడైనా సరే. రావణుడు నేలకూలిన తరువాత మండోదరి విలాపాన్ని వాల్మీకి అంతసేపు వినిపించడంలో ఆంతర్యం ఇదే కదా. ఇప్పుడు పిల్లల కోసం తయారవుతున్న కొన్ని చిత్రాలు ఈ బంధాన్ని తెంచి, రౌద్రానికి హాస్యాన్ని ముడివేస్తున్నాయి. తల తెగుతుంది, నవ్వు వస్తుంది. ఇది బూతుమాట కంటే వెయ్యిరెట్లు ఆలోచించవలసిన విషయం. బూతుమాట చెవికి తగులుతుంది కనుక మనం ఉలిక్కిపడతాము. జాలి ఇంకిపోవడం ఎవరి చెవికీ వినబడదు.

మా వీధిలో తొమ్మిదవ తరగతి చదివే పిల్లవాడు ఒకడున్నాడు. బుద్ధిమంతుడు. శ్లోకాలు నేర్చుకోవడానికి నా వద్దకు వస్తూ ఉంటాడు. ఒక సాయంత్రం ఫోనులో ఏదో చూసి పగలబడి నవ్వుతూ నాకూ చూపించాడు. ఒక హాస్యచిత్రంలోని ముక్క. ఒకడి తల మీద బండరాయి పడుతుంది, రక్తం గోడకు చిమ్ముతుంది. సరే, అది కల్పన. వేలితో పైకి తోయగానే మరొక ముక్క వచ్చింది. ఇది కల్పన కాదు, ఏదో కూడలిలో కెమెరాకు చిక్కిన నిజమైన ప్రమాదం. ద్విచక్ర వాహనం మీది మనిషిని లారీ ఈడ్చుకుపోతున్నది. దానికి ఎవడో పుణ్యాత్ముడు వెకిలి సంగీతం తగిలించాడు. పిల్లవాడు అంతే ఉత్సాహంతో నవ్వాడు. నేను నెమ్మదిగా అడిగాను: "బతికాడా నాయనా?" వాడు నా వంక చూసి, "ఎవరు తాతగారూ?" అన్నాడు.

ఆ ప్రశ్నలో క్రూరత్వం ఏమీ లేదు. నిజంగానే వాడికి అర్థం కాలేదు. ఆ తెర మీద ఒక మనిషి ఉన్నాడన్న సంగతి వాడికి తట్టలేదు. నేను మళ్లీ ఆ బండి మీది మనిషిని చూపించాక, వాడి ముఖం మారింది. ఫోను బోర్లించి పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కరుణ వాడిలో లేకపోలేదు. దానిని పిలిచేవారు పక్కన లేరు.

ఇక్కడ తమరు నన్ను ఒక ప్రశ్న అడగవచ్చు. అలాగైతే హాస్యాన్నే వెలివేద్దామా? ఈ ప్రశ్న భరతముని నాటిదే. నాట్యశాస్త్రం చివరి భాగంలో ఒక కథ ఉన్నది. మన పురాణ ప్రవచనాలలో ఎందుకో అంతగా వినబడదు. భరతుని నూరుగురు కుమారులు నాట్యవేదాన్ని నేర్చి, విద్యాగర్వంతో ప్రహసనాలు ఆడి లోకాన్ని నవ్వించసాగారు. రానురాను హద్దు మీరారు. నిండు సభలో ఋషులనే పరిహసిస్తూ మోటు చేష్టలతో ఒక ప్రదర్శన కట్టారు. ఋషులకు ఆగ్రహం వచ్చింది. గర్వకారణమైన ఆ విద్యే నశించుగాక, మీరు మీ స్థానం నుండి పతనమగుదురుగాక అని శపించారు. హాస్య ప్రదర్శన మీద పెద్దల ఆగ్రహానికి ఇంతకంటే పాతదైన కథ నాకు తెలిసినంతలో మరొకటి లేదు.

ఆ తరువాత జరిగినది గమనించండి. దేవతలు పరుగున వెళ్లి ఋషులను ప్రార్థించారు. నాట్యం నశిస్తే లోకానికి నష్టం కదా అన్నారు. ఋషులు దిగివచ్చి, నాట్యం నశించదు, తక్కిన శాపం మాత్రం తప్పదు అన్నారు. కుమారులు సిగ్గుతో తండ్రి దగ్గరకు వచ్చి, నీవు నేర్పిన ఈ విద్య వల్లనే మాకింత గతి పట్టింది, ప్రాణాలు తీసుకుంటాము అన్నారు. అప్పుడు భరతుడు వారిని తిట్టలేదు, విద్యను దాచిపెట్టమనీ అనలేదు. ఇది బ్రహ్మ చెప్పిన విద్య, దీనిని పాడుచేయక శిష్యులకు నేర్పండి అన్నాడు. ఆపైన నహుషుని కోరిక మీద ఆ కుమారుల ద్వారానే నాట్యం భూలోకానికి దిగివచ్చింది. పైగా దశరూపకాలలో ప్రహసనాన్ని కూడా ఒకటిగా నిలిపి, దానికి లక్షణం చెప్పి, నవ్వులను ఆరుగా విభజించి, పెదవి విప్పని చిరునవ్వు నుండి ఒళ్లు మరచిన వికటాట్టహాసం దాకా ఏది ఎవరికి తగునో వివరించాడు. తన కన్నబిడ్డలకు చెడ్డపేరు తెచ్చిన హాస్యాన్ని ఆ తండ్రి నిషేధించలేదు, దానికి మర్యాద నేర్పాడు.

ఏమిటా మర్యాద? యుద్ధాన్ని, మరణాన్ని రంగస్థలం మీద కళ్లెదుట చూపవద్దు, పాత్రల మాటల ద్వారా తెలియజేయమన్నాడు. శయ్య మీది దృశ్యాలు, కౌగిలింతలు రంగం మీద వద్దన్నాడు. దానికి ఆయన చెప్పిన కారణం నాకు మహా ఇష్టం. అవి పాపమనో, నరకం వస్తుందనో చెప్పలేదు. నాటకాన్ని తండ్రీ కొడుకూ, అత్తా కోడలూ ఒకచోట కూర్చొని చూస్తారు కనుక వద్దన్నాడు! అంటే ఆయన రంగం మీదికి చూసే ముందు ప్రేక్షకుల వరుసలలోకి చూశాడు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నదే ఆయనకు గీటురాయి.

మన పల్లెలలో తోలుబొమ్మలాటను చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. మాది అనంతపురం ప్రాంతం. తోలుబొమ్మలకు పేరెన్నికగన్న నిమ్మలకుంట మా వైపుదే. 2020లో ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ రావడం తమలో కొందరికి గుర్తుండవచ్చు. నా బాల్యంలో శివరాత్రి జాగరణ అంటే గుడి ముందు తెర కట్టి, వెనుక దీపాలు పెట్టి, తెల్లవార్లూ రామాయణం ఆడేవారు. మధ్య మధ్య కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చేవారు. వారు ఒకరినొకరు కర్రలతో బాదుకునేవారు. వారి మాటలా! వాటిలో ఒక్కటి కూడా ఈ మైకులో చెప్పలేను. మోటు హాస్యం, కొట్లాట, పిల్లల కేరింతలు. ఈనాడు మనం తప్పుపట్టే సరుకులో అక్కడ లేనిది ఏమీ లేదు. అది గుడి ముందే, స్వామివారి ఎదుటే జరిగేది.

కాని పక్కన మా నాయనమ్మ ఉండేది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతూనే, మరీ హద్దు దాటితే నాలుక కొట్టేది. ఆ చప్పుడు మాకు చాలు. ఆ హాస్యమంతా మేలిమి అని నేననను. బంగారక్క మీద వేసే పరిహాసాలలో ఆడవారిని నొప్పించేవి ఎన్నో ఉండేవి. ఒక ఏడు మా మేనత్త లేచి నిలబడి, "ఏమయ్యా, నీ ఇంట ఆడబిడ్డలు లేరా?" అని తెర వంక చూసి కేకవేసింది. జనమంతా నిశ్శబ్దం. తెర వెనుక ఒక్క క్షణం తటపటాయింపు. వెంటనే కేతిగాడి బొమ్మ ముందుకు వచ్చి, రెండు చెంపలూ వాయించుకొని, "తప్పయింది తల్లీ, ఈ నోటికి తాళం వేయి" అన్నది. మా అత్తతో సహా అందరూ నవ్వారు. ఆ రాత్రి మళ్లీ అలాంటి మాట రాలేదు. ఆమె కోపం ఎవరిని చేరాలో వారిని చేరింది, ఎందుకో కూడా చెప్పింది.

ఆపైన తెర మీద లక్ష్మణమూర్ఛ వచ్చేది. తమ్ముని తల ఒడిలో పెట్టుకొని రాముడు ఏడ్చేవాడు. గంట క్రితం జుట్టుపోలిగాడి దెబ్బలకు దొర్లి దొర్లి నవ్విన మా పిల్లమూకకు నోట మాట ఉండేది కాదు. ఒకే తెర, ఒకే దీపం, ఒకే రాత్రి. నవ్వినవాడు ఏడవకుండా ఇంటికి వెళ్లడానికి వీలుండేది కాదు. ఫోనులో వచ్చే ముక్కకు లక్ష్మణమూర్ఛ ఉండదు. దాని తరువాత మరొక దెబ్బ, మరొక నవ్వు, మరొక దెబ్బ. పక్కన నాలుక కొట్టే నాయనమ్మ కూడా ఉండదు. చెవులలో పెట్టుకున్న ఆ చిన్న పరికరాల పుణ్యమా అని, పిల్లవాడు దేనికి నవ్వుతున్నాడో పక్క మంచం మీది తల్లికే తెలియదు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదా అని కొందరు అడుగుతారు. చేయగలిగినది కొంత చేసింది. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణతో, మనకు పరిచయమైన యూఏ ధ్రువపత్రాన్ని ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడు మెట్లుగా విడదీశారు. ఆ అంకె నిషేధం కాదు, తల్లిదండ్రులకు సూచన మాత్రమే. అంతర్జాలం ద్వారా ఇంటికి చిత్రాలు అందించే సంస్థలు కూడా, 2021 నాటి నియమాల ప్రకారం, పదమూడేళ్లు ఆపై వర్గం చిత్రాలకు తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు కల్పించాలి. ఆ వీలు మన ఇళ్లలోని టీవీలలో ఉన్నది. సభలో ఉన్నవారిలో ఎందరు దానిని వాడుతున్నారో చేతులెత్తమని అడగను. మొహమాటం కలిగించడం నా ఉద్దేశం కాదు. ఇంటికి వెళ్లి సెట్టింగులలో చూడండి, చేతకాకపోతే పిల్లవాడినే అడగండి, వాడికి వచ్చు. నవ్వుతున్నారు గాని, నిజంగానే అడగండి. "ఈ చిత్రానికి పదహారేళ్లు అని ఎందుకు పెట్టారంటావు?" అన్న ఒక్క ప్రశ్నతో మా వీధి పిల్లవాడు నాతో గంటసేపు వాదించాడు. పత్రికలలో నేను చదివిన సమీక్షల కంటే వాడి మాటలలో సరుకు ఎక్కువ ఉన్నది. ఒక చిత్రంలో హాస్యగాడు కుంటివాడిని అనుకరించడం తనకు నచ్చలేదని, అందరూ నవ్వారు కనుక తానూ నవ్వానని వాడంతట వాడే చెప్పాడు.

చివరగా ఒక మనవి. వచ్చే శివరాత్రి జాగరణకు మన ఆలయ ప్రాంగణంలో తోలుబొమ్మలాట ఏర్పాటు చేయమని ధర్మకర్తలను కోరాను. వారు దయతో అంగీకరించారు. ఈ రోజులలో ఆ కళాకారులు చాలామంది దీపపు గొట్టాలు, ఇంటి అలంకార వస్తువులు చేసి పొట్ట పోసుకుంటున్నారు. తెర కట్టి ఆడే అవకాశం వారికి అరుదు. కనుక వారి సంభావనకు, భోజన వసతికి దాతలు ముందుకు రావాలని ప్రార్థన. కేతిగాడి ఘట్టాలు తీసివేసి భక్తి ఘట్టాలు మాత్రమే ఆడమందామని ఎవరో సూచించినట్లు తెలిసింది. దయచేసి తీసివేయవద్దు. అత్తలు, నాయనమ్మలు సభలో ఉంటారు కదా, వారు చూసుకుంటారు. పిల్లలను ముందు వరుసలో విడిగా కాక, తమ పక్కనే కూర్చోబెట్టుకోండి. లక్ష్మణమూర్ఛ వచ్చేసరికి తెల్లవారుజామున మూడు గంటలవుతుంది. ఆ వేళకు మంచు పడుతుంది కనుక దుప్పట్లు తెచ్చుకోండి.

స్వస్తి.